టీకాలన్నీ వేయించుకున్నా కోవిడ్ ఎందుకు వదలడం లేదు?

వ్యాఖ్యాత: రోగనిరోధక శక్తి బాగా తగ్గిన కొందరిలో, టీకాలు పూర్తయినా నెలల తరబడి కోవిడ్ ఉండిపోతోంది. ఇది లాంగ్ కోవిడేనా మేడమ్?

అంటువ్యాధుల నిపుణురాలు: కాదండీ. లాంగ్ కోవిడ్ అంటే ఇన్ఫెక్షన్ తర్వాత నీరసం, ఆయాసం లాంటివి మిగిలిపోవడం. ఇక్కడ ఒంట్లో వైరస్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అలాగని ఆర్‌టీ-పీసీఆర్ మళ్లీ పాజిటివ్ వచ్చిందని బెంబేలెత్తొద్దు. చచ్చిన వైరస్ ముక్కల్ని కూడా ఆ పరీక్ష వారాల తరబడి పట్టేస్తుంది. రిపోర్టులో సీటీ విలువ అడగండి. ఇది స్కాన్ కాదు, ఒంట్లో వైరస్ ఎంతుందో సూచించే అంకె; అది తగ్గేకొద్దీ వైరస్ ఎక్కువున్నట్టు. 35 దగ్గర ఉండి, జ్వరం, దగ్గు లేకపోతే సాధారణంగా అవి మిగిలిన ముక్కలే. అదే విలువ 20ల్లో ఉండి, జ్వరం కూడా వస్తూ పోతూ ఉంటే అనుమానించాలి.

వ్యాఖ్యాత: మరి వేయించుకున్న టీకా ఏమైనట్టు?

కిడ్నీ మార్పిడి వైద్యుడు: టీకా వేస్తే యాంటీబాడీలు తయారుచేయాల్సింది బీ కణాలు. కొన్ని రక్త క్యాన్సర్లకు, కీళ్లవాతానికి ఇచ్చే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఆ కణాలనే తుడిచేస్తుంది. అవి తిరిగి రావడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. ఈలోగా ఎన్ని డోసులు వేసినా యాంటీబాడీలు సరిగా పుట్టవు. రోగనిరోధక శక్తిని తగ్గించే మైకోఫెనోలేట్ మందు వాడే అవయవ మార్పిడి రోగులదీ చాలావరకు ఇదే ఇబ్బంది.

నిపుణురాలు: 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు వెల్లడించిన కేసు చూడండి. 72 ఏళ్ల రక్తవ్యాధి రోగి, రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నారు. చాలా డోసులు వేసినా యాంటీబాడీలు రాలేదు. ఒమిక్రాన్ ఆయనలో 613 రోజులు ఉండిపోయింది, 50కి పైగా మార్పులు చెందింది. ల్యాబ్‌లో తయారైన యాంటీబాడీ మందు సోట్రోవిమాబ్ ఇస్తే, మూడు వారాల్లోనే దాన్ని తట్టుకునే మార్పు వచ్చేసింది. ఇలాంటి వారికి ఒకే మందుతో సరిపెట్టడానికి మేం జంకేది అందుకే. ఆయన నుంచి ఇంకొకరికి సోకినట్టు మాత్రం ఆధారం దొరకలేదు.

వ్యాఖ్యాత: ముక్కు పరీక్ష నెగటివ్ వస్తే నిశ్చింతేనా?

నిపుణురాలు: అక్కడే పొరబడతారు! వీరిలో వైరస్ ముక్కులో లేకుండా ఊపిరితిత్తుల్లో ఉండొచ్చు. జ్వరం తగ్గక, ఛాతీ స్కాన్‌లో మచ్చలు చోటు మారుతుంటే, బ్రాంకోస్కోపీతో, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి తీసిన ద్రవాన్ని పీసీఆర్‌కి పంపాలి. టీబీ, ఫంగస్‌ పరీక్షలూ అందులోనే చేయించాలి.

వ్యాఖ్యాత: మందుల సంగతి?

కిడ్నీ వైద్యుడు: ఇది గట్టిగా చెప్పాలి. మార్చిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్ వాడేవారు, కోవిడ్‌కిచ్చే నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. రిటోనావిర్ వల్ల కాలేయం టాక్రోలిమస్‌ని విచ్ఛిన్నం చేయలేకపోతుంది, రక్తంలో దాని మోతాదు ఒక్కసారిగా పెరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, కిడ్నీ పనితీరు తగ్గిందని చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, కిడ్నీకే ముప్పు. టాక్రోలిమస్ ఎప్పుడు ఆపాలో, రక్తంలో స్థాయి చూసి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో మార్పిడి వైద్యులే చెప్పాలి. మొదట్లోనే వస్తే రెమ్‌డెసివిర్ అనే యాంటీవైరల్ (వైరస్‌ని అడ్డుకునే మందు) మేలు: తొలిరోజు 200 మి.గ్రా., తర్వాత రెండు రోజులు 100 చొప్పున నరానికి. టాక్రోలిమస్‌తో ఈ చిక్కు ఉండదు. నెలలు గడిచిన కేసుల్లో రెండు యాంటీవైరల్స్ కలిపి, ఎక్కువ రోజులు ఇచ్చిన అనుభవం ఉంది. అది ఆసుపత్రిలోనే జరగాలి.

వ్యాఖ్యాత: రిటుక్సిమాబ్ తీసుకునేవారు టీకా ఎప్పుడు వేయించుకోవాలి?

నిపుణురాలు: వీలైతే తర్వాతి ఇంజెక్షన్‌కి నాలుగు వారాల ముందు. యాంటీబాడీలు రాకపోయినా, మరో రకం రక్షణ కణాలైన టీ కణాలు కొంత అడ్డుకుంటాయి, కాబట్టి మానేయొద్దు. ఇంట్లోవాళ్లు కూడా వేయించుకోవాలి. ఇక ఇలాంటి రోగుల ఐసొలేషన్ పది రోజులతో ముగించొద్దు. లక్షణాలు తగ్గాక, 48 గంటల తేడాతో రెండు పరీక్షలు నెగటివ్ వచ్చాకే డయాలసిస్ హాలుకో, కీమో వార్డుకో పంపాలి.