మసకలిని మళ్ళీ ఎందుకు ముట్టుకున్నారు? హిందీ పాటల రీమిక్స్‌లపై చర్చ

(మాటలు ఒకదాని మీద ఒకటి పడిన చోట కూడా ఉన్నదున్నట్టు ఇచ్చాం.)

యాంకర్: పాత హిందీ పాటల రీమిక్స్‌ల మీద మళ్ళీ గొడవ రేగింది. సూటిగా అడుగుతున్నా, వీటిని నిషేధించాలా వద్దా? మాస్టారూ, మీతో మొదలుపెడదాం.

మాస్టారు: నిషేధం సంగతి తర్వాత. ‘ఢిల్లీ-6’ సినిమాలో ఎ.ఆర్. రెహమాన్ స్వరం కట్టిన మసకలి పాట ఉంది కదా, 2020లో రీమిక్స్ పేరుతో దాన్ని ఏం చేశారో ముందు చూడండి. అసలు పాట వెనక 200 మందికి పైగా మ్యుజీషియన్లు, ఏడాది ఆలోచన ఉన్నాయని రెహమానే రాశారు. మోహిత్ చౌహాన్ గొంతు పావురం ఎగిరినంత తేలిగ్గా వెళ్తుంది కదా, కొత్తదాంట్లో దాన్ని తీసుకెళ్ళి బీటు కింద పడేశారు.

ప్రొడ్యూసర్: మాస్టారూ, రీమిక్స్ విన్నాకే అసలు పాట వెతుక్కున్న పిల్లలు ఉన్నారు. మేం చేసేది...

మాస్టారు: ఎవరు వెతుక్కున్నారు బాబూ?

ప్రొడ్యూసర్: నన్ను పూర్తి చెయ్యనివ్వండి.

యాంకర్: ఒక్క నిమిషం. నిషేధించాలా, వద్దా?

మాస్టారు: నిషేధిస్తే ఏమైందో తెలుసా? 1952లో కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలు ఆపారు. జనం మానేశారా? శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పెట్టుకుని అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా విన్నారు. చివరికి 1957లో ఆకాశవాణే సినిమా పాటల కోసం వివిధ భారతి పెట్టాల్సొచ్చింది. హిందీ రానివాళ్ళు కూడా ఆ పాటలు పాడుకునేవాళ్ళు.

యాంకర్: అంటే నిషేధం వద్దంటారా?

మాస్టారు: నేనలా అనలేదు. అసలు పాట చేసినవాళ్ళని అడిగి చెయ్యమంటున్నా.

యాంకర్: మన తెలుగువాళ్ళ పాటలు కూడా హిందీకి వెళ్ళాయి కదా?

మాస్టారు: వెళ్ళకేం! సువర్ణ సుందరిలో ‘హాయి హాయిగా’ని హిందీలో లతా, రఫీ పాడారు. పాట నాలుగు రాగాల్లో నడుస్తుంది, ఒక్క చోట కూడా అతుకు కనపడదు.

ప్రొడ్యూసర్: మరి అదీ రీమేకే కదా!

మాస్టారు: రెండిట్లోనూ సంగీతం ఆదినారాయణరావు గారిదే! తన పాటని తనే మళ్ళీ చేసుకున్నారు. మీరు ఎవరి పాట చేస్తున్నారు?

ప్రొడ్యూసర్: హక్కులున్న కంపెనీ అడిగితేనే చేస్తున్నాం. దొంగతనం కాదండీ.

లాయర్: అసలు విషయం అక్కడే ఉంది. పాట హక్కులు చాలాసార్లు నిర్మాత నుంచి మ్యూజిక్ కంపెనీకి వెళ్ళిపోతాయి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత రాసినవాళ్ళకి, స్వరం కట్టినవాళ్ళకి రాయల్టీ హక్కు ఉంది, దాన్ని కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కానీ రాయల్టీ వేరు, అనుమతి వేరు. అదే చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం, పాటని వికృతం చేసి దాన్ని సృష్టించినవాళ్ళ పరువుకి భంగం కలిగిస్తే...

మాస్టారు: పరువు తీసేశారమ్మా, ఇంకా సెక్షన్ ఎందుకు! 200 మంది పని చేసిన పాటని...

లాయర్: నేను చెప్పేది అదే, ఆ సెక్షన్ కింద సృష్టికర్త...

యాంకర్: మేడమ్, ఒక్క మాటలో చెప్పండి. నిషేధమా, కాదా?

లాయర్: ఒక్క మాటలో చెప్పేది కాదండీ.

(సృష్టికర్త నేరుగా కోర్టుకి వెళ్ళే దారి గురించి ఆమె మొదలుపెట్టిన ఈ మాట చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అది పూర్తి కాలేదు.)

ప్రొడ్యూసర్: నాకు మాట్లాడటానికి రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు.

యాంకర్: టైమ్ అయిపోయింది. మాస్టారి మాటలో బలం ఉందని అందరూ ఒప్పుకున్నట్టే...

లాయర్: నేను ఒప్పుకోలేదు.

మాస్టారు: ఇంకొక్క మాట, ఆ మసకలిలో...