డిక్కీ మీది అక్షరం

చర్చా కార్యక్రమం – లిఖిత రూపం

సంధానకర్త: నమస్కారం. చవక కార్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ ఒకటి బెంజ్, బీఎండబ్ల్యూ, లెక్సస్‌ల పక్కన తన పెద్ద సెడాన్‌ను నిలబెట్టగలదా అన్నది ఈ వారం మన ప్రశ్న. హ్యుందాయ్ 2008 నుంచీ అమెరికా మార్కెట్లో ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతోంది కాబట్టి ఆ కథనే ముందు పెట్టుకుందాం. స్టూడియోలో ముగ్గురున్నారు. డెట్రాయిట్ ప్రాంతంలో చాలా ఏళ్ళు సస్పెన్షన్ల మీద పనిచేసి హైదరాబాద్ తిరిగివచ్చిన ఇంజినీరు గారు, విజయవాడలో షోరూము నడిపి ఇప్పుడు పాత ఖరీదైన కార్ల వ్యాపారం చేస్తున్న డీలరు గారు, కార్ల గురించి రాసే విలేకరి మేడమ్. ఇంజినీరు గారూ, పేరు పక్కన పెట్టి వట్టి కారుగా చూస్తే, హ్యుందాయ్ అప్పుడు తెచ్చిన పెద్ద సెడాన్ జెనెసిస్ ఆ స్థాయిదేనా?

ఇంజినీరు: ఆ స్థాయిదేనండీ, సందేహం లేదు. అప్పటిదాకా హ్యుందాయ్ అమెరికాలో అమ్మిన సెడాన్లన్నీ ముందు చక్రాలు లాగేవి. ఇది వెనక చక్రాలు నెట్టే కారు. తేడా ఏమిటంటే, ముందు చక్రాలకు దారి తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. బరువు కూడా ముందుకు తూలిపోకుండా సర్దుకుంటుంది. జర్మన్లు పెద్ద కార్లను అలా కట్టడానికి కారణం అదే. ఇంజను 3.8 లీటర్ల వీ6, అంటే ఆరు సిలిండర్లది, కావాలంటే ఎనిమిది సిలిండర్ల 4.6 లీటర్ల వీ8. వీ6 కారు ధర సుమారు 33 వేల డాలర్లు. దానితో పోల్చదగిన బెంజ్ అప్పటికే 50 వేలు దాటి ఉంది. 2009 జనవరిలో ఉత్తర అమెరికా మేటి కారు పురస్కారం దీనికే వచ్చింది. జాలిపడి ఇచ్చిన బహుమతి కాదది.

సంధానకర్త: మీరు నడిపారా?

ఇంజినీరు: నడిపాను. నడపడం కంటే ఆ రోజు పార్కింగులో జరిగినది బాగా గుర్తుంది. అమెరికాలో అమ్మిన ఆ కారుకు ముందు భాగంలో హ్యుందాయ్ గుర్తు లేదు. కావాలనే తీసేశారు. మా సహోద్యోగి ఒకాయన ముందునుంచి చూసి, తలుపు తెరిచి మూసి, ఆ చప్పుడు విని, తోలు తడిమి, ఎవరిది ఈ కారు అని అడిగాడు. నేను చెప్పలేదు. వెనక్కి నడిచాడు. డిక్కీ మీద వంకర ‘హెచ్’ అక్షరం ఉంది. ‘ఓ’ అన్నాడు, అంతే. తలుపు చప్పుడు మారలేదు, తోలు మారలేదు, ఆయన ముఖం మారింది.

విలేకరి: ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు కదా, ఇక్కడ సామెత తిరగబడింది. ఇంట్లో కస్తూరే, ఇంటిపేరే గబ్బిలం. ఆ పేరు అలా కావడానికి కారణం కూడా ఉంది. 1986లో హ్యుందాయ్ అమెరికాలో అడుగుపెట్టింది ఎక్సెల్ అనే చిన్న కారుతో. ధర 4,995 డాలర్లు. మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడుపోయాయి. ఆ తర్వాత అవి తుప్పుపట్టడం, మొరాయించడం మొదలైంది. రాత్రివేళ టీవీ హాస్య కార్యక్రమాల్లో ఆ పేరే ఒక హాస్యోక్తి అయిపోయింది. చవగ్గా అమ్మడం తప్పు కాదు. కానీ మొదటి పరిచయంలోనే చవకా, నాసిరకమూ ఒకే మాటగా జనం నోళ్ళలో పడ్డాయి.

డీలరు: దాన్ని కడుక్కోవడానికే పదేళ్ళ వారంటీ తెచ్చారు.

విలేకరి: అవును, 1999 మోడళ్ళతో. ఇంజనుకూ గేరుబాక్సుకూ పదేళ్ళు లేదా లక్ష మైళ్ళు. ఆ రోజుల్లో సాహసమే.

డీలరు: సాహసమే కానీ అందులో ఒక మెలిక ఉంది, మా వ్యాపారంలో వాళ్ళకే కనిపించే మెలిక. ఆ పదేళ్ళు మొదటి యజమానికే. కారు చేతులు మారితే అయిదేళ్ళు, 60 వేల మైళ్ళకు తగ్గిపోతుంది. కొత్త కారు కొనేవాడి భయం పోగొట్టారు, పాత కారు కొనేవాడి భయం అలాగే వదిలేశారు. ఖరీదైన కారు ఆట అంతా నడిచేది ఆ రెండోవాడి మీదే.

సంధానకర్త: అది కాస్త విప్పి చెప్పండి.

డీలరు: అమెరికాలో ఖరీదైన కారును చాలామంది కొనరు, మూడేళ్ళకు లీజు తీసుకుంటారు. నెల కంతు ఎలా వస్తుంది? కొత్త ధరలోంచి మూడేళ్ళ తర్వాత ఆ కారు పలికే ధర తీసేసి, మిగిలినదాన్ని 36 నెలలకు పంచుతారు. వడ్డీ అదనం. ఊరికే లెక్క కోసం అనుకోండి, ఒక జర్మన్ కారు 50 వేల డాలర్లు, మూడేళ్ళకు 30 వేలు పలుకుతుంది. తరుగు 20 వేలు, నెలకు 555. దాని పోటీ కారు 40 వేలే, కానీ పేరు లేదు కాబట్టి మూడేళ్ళకు 18 వేలే పలుకుతుంది. తరుగు 22 వేలు, నెలకు 611. పదివేలు తక్కువ ధర ఉన్న కారుకు నెలకు ఎక్కువ కట్టాలి! షోరూములో వాడికి ‘మా కారు చవకండీ’ అని ఏ ముఖంతో చెబుతాం? గుర్తు అంటే పొగరు, ఆడంబరం అని అందరూ అంటారు. నాకు మాత్రం అది మూడేళ్ళ తర్వాత వచ్చే తెలియని మనిషి జేబులోని డబ్బు.

ఇంజినీరు: ఈ లెక్క మా విభాగంలో ఎవరికీ చెప్పలేదండీ. మేం తలుపు చప్పుడు దగ్గరే ఆగిపోయాం.

సంధానకర్త: అలాగైతే టయోటా ఎలా గెలిచింది? అదీ చవక కార్ల కంపెనీయే కదా.

విలేకరి: టయోటా ఆ పేరునే బయటపెట్టలేదు. 1983లో అప్పటి అధిపతి ఈజీ టొయోడా ‘ప్రపంచంలోని మేటి కార్లను సవాలు చేసే కారు చేయగలమా’ అని లోపలివాళ్ళను అడిగారు. ఇచిరో సుజుకి ప్రధాన ఇంజినీరు. ఆరేళ్ళు పట్టింది. 1989 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో లెక్సస్ ఎల్ఎస్400 బయటికి వచ్చింది. అమ్మకాల మొదట్లో ధర సుమారు 35 వేల డాలర్లు. కొత్త పేరు, కొత్త షోరూములు, టయోటా బోర్డు ఎక్కడా లేదు. తమాషా ఏమిటంటే జపాన్‌లో అదే కారు టయోటా సెల్సియర్ పేరుతో 2006 దాకా నడిచింది. ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు.

ఇంజినీరు: గాలి కారును ఎంత అడ్డుకుంటుందో చెప్పే గుణకం 0.29 దానికి, ఎంత తక్కువైతే అంత మేలు. ఆ రోజుల్లో అంత పెద్ద సెడాన్‌కు అది అబ్బురం. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, చక్రాలు తిరుగుతున్నా ఒక్కటీ కదలనట్టు ప్రకటన తీశారు.

డీలరు: గ్లాసులు కాదండీ, నన్ను అడిగితే దాన్ని నిలబెట్టింది రిపేరు. అమ్మకాలు మొదలైన మూడు నెలలకే, 1989 డిసెంబరులో, బ్రేకు లైటు తీగల విషయంలోనూ, వేగాన్ని దానంతటదే నిలకడగా ఉంచే క్రూజ్ కంట్రోల్ విషయంలోనూ లోపం బయటపడింది. అప్పటికి అమ్మినవి సుమారు 8,000. అన్నిటినీ వెనక్కి పిలవాలి. కొత్త పేరుకు అంతకంటే అపశకునం ఏముంటుంది? వాళ్ళేం చేశారంటే, యజమానులకు తామే ఫోను చేసి, ఇళ్ళకు మనుషులను పంపి కార్లు తీసుకెళ్ళారు. బాగుచేసి, కడిగి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి తెచ్చి ఇచ్చారు. డీలరు దూరంగా ఉన్న ఊళ్ళకు మెకానిక్కులను విమానాల్లో పంపారు. దాదాపు మూడు వారాల్లో పని ముగించారు. కారు చెడిపోయినా కంపెనీ పేరు పెరిగింది. ఇలా జరగడం నా వృత్తిలో మళ్ళీ చూడలేదు.

సంధానకర్త: హ్యుందాయ్ కూడా అలాంటివి చేసింది కదా?

విలేకరి: 2010లో ఈక్వస్ అనే ఇంకా పెద్ద సెడాన్ అమెరికాకు తెచ్చినప్పుడు చేసింది. ధర 58 వేల డాలర్ల నుంచి మొదలు. సర్వీసింగు కోసం ఇంటికే వచ్చి కారు తీసుకెళ్ళి, బదులు కారు ఇచ్చేవారు. కారు వాడకం చెప్పే పుస్తకం బదులు యజమానికి ఐప్యాడ్ ఇచ్చారు. కానీ ఆ కారును అమ్మింది ఎక్కడ? చిన్న కారు కోసం వంద డాలర్ల దగ్గర బేరమాడుతున్న వాళ్ళ పక్క బల్ల మీద. ధర్మవరం పట్టుచీరను చౌకదుకాణంలో గోనెసంచుల పక్కన వేలాడదీసినట్టు.

ఇంజినీరు: దీనికి నా దగ్గర ఇంకా విషాదమైన ఉదాహరణ ఉంది, ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్. 2002లో వచ్చింది. ఆ కంపెనీ పేరుకు అర్థమే జనం కారు. ఫోక్స్‌వ్యాగన్ అధిపతి ఫెర్డినాండ్ పియెష్ పట్టుబట్టి చేయించిన కారది. బయట 50 డిగ్రీల ఎండలో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రోజంతా నడిచినా లోపల 22 డిగ్రీలే ఉండాలన్నది ఆయన షరతు అని మా వాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. డ్రెస్డెన్‌లో అద్దాల కర్మాగారం కట్టారు. కిందనున్న నిర్మాణం బెంట్లీ కాంటినెంటల్ జీటీతో పంచుకున్నదే. అమెరికాలో మొత్తం నాలుగు వేలు కూడా అమ్ముడుపోలేదు. 2006లో అక్కడ ఆపేశారు, 2016లో పూర్తిగా ఆగిపోయింది. అదే నిర్మాణం మీద బెంట్లీ గుర్తు పెడితే జనం వరుసకట్టారు. నాకు ఇప్పటికీ ఆ కారంటే ప్రాణం. ఎవరికీ అక్కరలేదన్నది కూడా నిజమే.

డీలరు: పాతదైతే కొనేవాళ్ళున్నారండీ, దిక్కుమాలిన ధరకు.

సంధానకర్త: మన దగ్గర ఇలాంటిది జరిగిందా?

డీలరు: మారుతి వాళ్ళ పెద్ద సెడాన్ కిజాషీని మరిచిపోయారా? 2011లో జపాన్ నుంచి దిగుమతి చేసి 16 లక్షలు దాటిన ధరకు పెట్టారు. 2.4 లీటర్ల పెట్రోలు ఇంజను, డీజిల్ లేదు. ఆ రోజుల్లో డీజిల్ అంత చవక. బండి మాత్రం చక్కనిది. ఆల్టో కొనడానికి వచ్చిన కుటుంబం దాన్ని చూసి, ఇదీ మారుతియేనా అని ఆశ్చర్యపోయి, ఆల్టో కొనుక్కుని వెళ్ళిపోయేది. 2014లో ఆపేశారు. మరుసటి ఏడాదే నెక్సా పేరుతో వేరే షోరూములు తెరిచారు. పాఠం నేర్చుకున్నారో లేదో చెప్పను గానీ, వరస చూడండి.

విలేకరి: హ్యుందాయ్ కూడా అదే 2015 నవంబరులో చేసింది, జెనెసిస్‌ను విడి బ్రాండుగా ప్రకటించింది. వేగపు కార్లు చేసే బీఎండబ్ల్యూ ఎమ్ విభాగం నుంచి ఇంజినీరు ఆల్బర్ట్ బీర్మన్‌ను, బెంట్లీ నుంచి డిజైనరు లూక్ డోంకర్‌వోల్కెను తెచ్చుకుంది. కానీ డీలరు గారి వాదనకు నేనొక కొసరు చేర్చాలి. బ్రాండు విడదీయడం కాగితం మీద పని, దుకాణం విడదీయడం నిజమైన పని. 2017లో అమెరికాలో 20 వేలు దాటిన జెనెసిస్ అమ్మకాలు 2018లో సుమారు పదివేలకు పడిపోయాయి. కారు చెడిందా? లేదు. ఆ ఏడాది తెచ్చిన జీ70 సెడాన్ 2019 జనవరిలో ఉత్తర అమెరికా మేటి కారు పురస్కారం గెలిచింది. గొడవంతా ఏ డీలరు అమ్మాలి, ఎవరికి ఏ రాష్ట్రంలో లైసెన్సు అన్నదాని మీదే. డీలర్ల తగాదాలో కార్లు అరల్లోనే ఉండిపోయాయి.

ఇంజినీరు: పదేళ్ళ తేడాతో రెండు బహుమతులు. అయినా రెండోసారీ అంగట్లోనే కాలు జారింది.

సంధానకర్త: ఇప్పుడు పరిస్థితి?

విలేకరి: చాలా మెరుగు. 2024లో అమెరికాలో సుమారు 75 వేలు అమ్మారు. లెక్సస్ అదే ఏడాది మూడున్నర లక్షలకు దగ్గర, కాబట్టి దూరం ఇంకా ఉంది. అయితే ఆ 75 వేలలో ఎక్కువ భాగం జీవీ70, జీవీ80 అనే ఎస్‌యూవీలే. జీవీ80 వచ్చింది 2020లో. అంటే సెడాన్‌తో సెడాన్‌ను ఓడించలేదు, జనం సెడాన్ల నుంచి లేచి వెళ్ళిపోయిన గదిలోకి వీళ్ళూ వెళ్ళారు. ఎస్‌యూవీ వరసలో ముప్ఫై నలభై ఏళ్ళ రాజవంశాలు తక్కువ, పోల్చుకునే తాతలు లేరు. విద్యుత్ కార్లకూ అదే వర్తిస్తుంది.

ఇంజినీరు: దాన్ని నేను గెలుపు అనను.

విలేకరి: జీతాలు ఇచ్చేవాళ్ళు అంటారు సార్.

సంధానకర్త: హ్యుందాయ్ గ్రూపులోనే ఉన్న తమ్ముడు కియా సంగతో? మన పెనుకొండ దగ్గర కర్మాగారం ఉంది కాబట్టి అడుగుతున్నాను.

విలేకరి: 2014లో కియా అమెరికాలో కే900 అనే వీ8 సెడాన్ పెట్టింది, 60 వేల డాలర్లకు చేరువలో. పేరు మార్చలేదు, దుకాణం మార్చలేదు. ఎవరూ గమనించలేదు. మెల్లగా వెళ్ళిపోయింది. పెనుకొండలో 2019లో సెల్టోస్‌తో మొదలుపెట్టినవాళ్ళు ఆ పొరపాటు ఇక్కడ చేయలేదు. ఎస్‌యూవీలే ముందు పెట్టారు.

సంధానకర్త: జెనెసిస్‌ను 2027 నాటికి భారత్‌కు తెస్తామని హ్యుందాయ్ 2025లో ప్రకటించింది. శాంత్రో అమ్మిన కంపెనీ అన్న జ్ఞాపకం ఇక్కడ అడ్డమా, ఆసరానా?

డీలరు: 1998లో శాంత్రో వచ్చినప్పుడు నేను షోరూములో కుర్ర సేల్స్‌మన్‌ను. ఆ పేరుకు ఇక్కడ అమెరికాలో ఉన్నంత మచ్చ లేదు. మన దగ్గర అది నమ్మకమైన పేరే, చిన్న కారుకు. 2001లో సొనాటా కూడా వచ్చింది, మంచిదే, అయినా డ్రైవరును పెట్టుకునే స్థాయివాళ్ళు అటు చూడలేదు. కోటి పెట్టేవాడు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దూరంనుంచే గుర్తుపట్టే కారు అడుగుతాడు. నన్నడిగితే వాళ్ళు ముందు చేయాల్సింది షోరూము కాదు. మూడేళ్ళ తర్వాత ఇంత ధరకు మేమే తిరిగి కొంటాం అని కాగితం రాసివ్వాలి.

ఇంజినీరు: రాసిస్తే నష్టం ఎవరికి?

డీలరు: కంపెనీకే, మొదటి ఆరేడేళ్ళు. లెక్సస్ 2017లో మన దేశానికి విడి షోరూములతో వచ్చి ఎంత నిదానంగా నడుస్తోందో చూస్తున్నాం కదా. దానికీ ముప్ఫై ఏళ్ళ పేరు వెనక ఉండి కూడా.

సంధానకర్త: వార్తల సమయం దగ్గరపడింది. ఒక్కొక్కరికీ ఒకే మాట. మీ సొంత డబ్బుతో ఏది కొంటారు? ఇంజినీరు గారూ?

ఇంజినీరు: కొత్త జెనెసిస్ సెడాన్. డిక్కీ మీద ఇప్పుడు ఆ అక్షరం లేదు, ముందు భాగంలో రెక్కల గుర్తు ఉంది.

విలేకరి: లెక్సస్ ఈఎస్. నాకు రోడ్డు పక్కన నిలబడే ఓపిక లేదు.

సంధానకర్త: డీలరు గారు?

డీలరు: ఇంజినీరు గారు కొన్న జెనెసిస్‌నే. మూడేళ్ళు ఆగి, ఆయన దగ్గరే, సగం ధరకు.

ఇంజినీరు: సగానికి ఇవ్వను!

డీలరు: అప్పుడు చూద్దాం సార్. నా ఫోను నంబరు మీ దగ్గర ఉందిగా.