గట్టున కూర్చున్న పిల్లల కోసం కబడ్డీ కార్డులు

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

నలభై మంది పిల్లలున్న తొమ్మిదో తరగతిని మైదానానికి తీసుకువెళ్ళి, ఏడుగురు చొప్పున రెండు కబడ్డీ జట్లను దింపితే మిగిలిన ఇరవై ఆరుగురూ గట్టునే కూర్చుంటారు. రోజూ ఆడేవాళ్ళే ఆడతారు. కూర్చున్నవారిలో ఆడపిల్లలు, బక్కపలచటి పిల్లలు ఎక్కువగా ఉండడం మనందరం చూస్తున్నదే. ఆటతోనే ఆట నేర్పే బోధనోపకరణాల గురించి నేను చెప్పదలచినదంతా ఈ పిల్లల కోసమే.

ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో ఒక బోధనా పద్ధతిని ప్రతిపాదించారు. పిల్లలను వరుసలో నిలబెట్టి నైపుణ్యాలను విడివిడిగా సాధన చేయించి చివర్లో ఆట ఆడించే బదులు, ఆటనే చిన్నదిగా మలచి ముందు ఆడించి, ఎప్పుడు ఏం చేయాలో వాళ్ళే ఆలోచించుకునేలా చేసి, అందుకు కావలసిన నైపుణ్యాన్ని ఆ తరువాత నేర్పాలన్నది దాని సారం. మన కబడ్డీకి ఇది ఎంతో చక్కగా సరిపోతుందని నా నమ్మకం.

అదే తరగతిని నాలుగు చిన్న బరుల్లోకి పంచితే ఒక్కో బరికి పదిమంది వస్తారు: కూతకు వెళ్ళేవారు ఒకరు, కాచేవారు ఆరుగురు, సమయం చూసేవారు, అంపైరు, కూతకు వెళ్ళేవారికి సలహా చెప్పేవారు. ప్రతి కూతకూ పాత్రలు మారాలి. నేల గట్టిగా ఉంటుంది కనుక పట్టుకు బదులు, రెండు చేతులతో నడుము తాకితే చాలునని నియమం పెట్టండి.

ఇప్పుడు అట్టముక్క మీద రాసిన కార్డును సలహాదారు తీసి చదువుతారు: “మన జట్టు ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. ఎదుట ముగ్గురే మిగిలారు. ఇది చివరి కూత. ఏం చేస్తారు?” ప్రో కబడ్డీ నిబంధనల ప్రకారం ముగ్గురే ఉన్నప్పుడు పట్టుబడితే ప్రత్యర్థికి రెండు పాయింట్లు వెళతాయి. కాబట్టి బాల్క్ లైన్ (కూతకు వెళ్ళినవారు ఎదుటి జట్టు సగంలో తప్పక దాటవలసిన గీత) దాటి, 30 సెకన్లలోపు ఎవరికీ చిక్కకుండా తిరిగి వచ్చినా గెలుపే. ఎవరినో ఒకరిని తాకి రావాలన్న ఉబలాటంతో దూకే పిల్లవాడు మొదటిసారి ఓడిపోయి, ఆగి, లెక్క వేసుకుంటాడు. రెండో కార్డులో ఎదుట ఆరుగురుంటారు, పైగా అది వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా పోయాక, ఒక్క పాయింటైనా తప్పక తేవలసిన మూడో కూత. ఈసారి బోనస్ లైన్ (ఎదుట కనీసం ఆరుగురు ఉన్నప్పుడు దాటితే ఒక పాయింటు తెచ్చే గీత) వైపు చూడాలని సలహాదారే గుర్తు చేస్తారు. ఆ సలహాదారు ఇంతవరకూ గట్టున కూర్చున్న అమ్మాయే కావచ్చు.

“కోర్టు పొడవెంత?” అని అడిగే కార్డులు మాత్రం దయచేసి చేయకండి. అవి రాతపరీక్షను మైదానంలోకి తేవడమే అవుతుంది. 5 నుంచి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పీరియడే అంతకంటే చిన్నది కనుక, కార్డు మీద చర్చ ఒక్క నిమిషం దాటకూడదు.

మొదటి నాలుగైదు కార్డులు మీరు రాసి, మిగిలినవి పిల్లలచేత రాయించండి. ఖోఖోకు కూడా ఇలాగే మొదలుపెట్టవచ్చు.