పాకే బండి, దగ్గే బండి: పాత ఏటీవీ క్లచ్ గురించి (అనుకున్నాం)

అల్లుడు: రికార్డవుతోంది మామా. గ్లాసు పక్కన పెట్టు, చప్పుడు పడుతుంది. అందరికీ నమస్కారం. ఈ వారం పాత ఏటీవీల్లో, అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండ్లలో, క్లచ్ తంటాలు.

మామ: ముందు ఎవరి బండో చెప్పవా?

అల్లుడు: చెప్తా. బంగారుపాళ్యం వైపు మామిడితోట ఉన్న అన్న ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. పాత హోండా ఏటీవీ, గాలీ పెట్రోలూ కార్బురేటర్‌లో కలిసే బండి. ఎవరో రిసార్టు వాళ్లు వదిలించుకుంటే ఈయన కొన్నాడు. న్యూట్రల్ నుంచి ఫస్ట్‌లో వేస్తే ధన్‌మని దూకుతుందట. బ్రేకు వదిలితే చాలు, యాక్సిలరేటర్ ముట్టకుండానే ముందుకు పాకుతుందట. మెకానిక్ క్లచ్ ప్లేట్లు మార్చమన్నాడు.

మామ: మార్చొద్దను. మా టీవీఎస్ ఫిఫ్టీ కూడా ఇంతే చేసేది.

అల్లుడు: వచ్చేసింది టీవీఎస్ ఫిఫ్టీ!

మామ: రాదా మరి? రెండింటికీ చేతి క్లచ్ లేదు. ఇంజన్ స్పీడు పెరిగితే లోపల షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. తగ్గితే వదులుతాయి. ఐడిలే, అంటే యాక్సిలరేటర్ ముట్టనప్పటి ఇంజన్ స్పీడే, ఎక్కువ పెట్టుకుంటే అవి ఇంకెప్పుడు వదులుతాయబ్బా?

అల్లుడు: అది నిజమే. కాకపోతే ఇందులో రెండు క్లచ్‌లు. ఇంజన్ తిప్పే క్రాంక్ ఇరుసు మీద నువ్వు చెప్పింది, గేర్‌బాక్స్ వైపు ప్లేట్లది. కాలితో గేరు లివర్ నొక్కితే ప్లేట్లు విడిపోతాయి. దానికి బయట సర్దే స్క్రూ ఉంది. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ ఎడమకు తిప్పుతూ బిగువు తగలగానే ఆగాలి, అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కదలకూడదు. క్లచ్ సర్దడం అయిపోయింది.

మామ: ఆయిల్ ఎవరు చెప్తారు?

అల్లుడు: ఆ, డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఆయిల్‌లో తడిసే క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు, చూసుకోండి. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందు కలుపుతారు, ఆయిల్‌లో తడిసే ప్లేట్లు దానికి జారిపోతాయి. కానీ ఈయనది జారడం కాదు, పాకడం. కాబట్టి ముందు ఐడిల్. ఇంజన్ బాగా వేడెక్కాక నిమిషానికి 1400 చుట్ల దగ్గర పెట్టి...

మామ: ఎక్కడ పెట్టాలి? కిందనా, కొండ మీదనా?

అల్లుడు: మామా, వద్దు.

మామ: అడగనీ. అలిపిరి కాడ ఐడిల్ సక్కంగా పెట్టుకుని రెండో ఘాట్ ఎక్కితే, పైకి పోయేసరికి బండి దగ్గి ఆగిపోయేది. పైన గాలి పల్చన. పెట్రోలు ఎక్కువైపోతుంది.

అల్లుడు: తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. తిరుపతితో పోలిస్తే గాలి పల్చబడేది ఆరేడు శాతం, మిశ్రమం చిక్కబడేది అందులో సగం. దానికే బండి ఆగిపోదు.

మామ: హార్స్‌లీ హిల్స్‌లోనూ ఆగింది. అది 1200 మీటర్లు దాటుతుంది.

అల్లుడు: ఏ బండి?

మామ: అదే, టీవీఎస్ ఫిఫ్టీ.

అల్లుడు: దాని ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు కడిగావు?

మామ: ఫిల్టరా...

అల్లుడు: ఇదిగో! ఫిల్టర్ మూసుకుపోయి కిందే చిక్కగా ఉంది, పైన ఇంకొంచెం. నేరం కొండ మీద వేస్తావేంటి?

మామ: ఎగతాళి చేస్తున్నావా? మేం దారి పొడవునా బండి వింటూ నేర్చుకున్నాం. నువ్వు లెక్కలు చూసి చెప్తున్నావు. సరే, ఇది చెప్పు. కిందికి దిగేది మొదటి ఘాట్, 1944లో తెరిచిన దారి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి అంత దూరం దిగితే టీవీఎస్ ఫిఫ్టీ లాంటి టూ స్ట్రోక్‌కి ఏమవుతుంది?

అల్లుడు: ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి పోస్తాం కాబట్టి, మూస్తే ఆయిలూ తగ్గిపోతుంది. ఇంజన్ మాత్రం చక్రాల ఊపుకి తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ పట్టేసే ప్రమాదం.

మామ: అందుకే మధ్యమధ్య కాస్త రేజ్ చేసేవాళ్లం. ఇప్పటి పిల్లోళ్లకు తెలుసా?

అల్లుడు: వాళ్లకెందుకు, టీవీఎస్ మోపెడ్ ఎక్సెల్ హండ్రెడ్ 2015లో వచ్చిందే ఫోర్ స్ట్రోక్‌గా, పెట్రోల్‌లో ఆయిల్ కలపక్కర్లేదు. సరే, నీ మాట ఒప్పుకుంటా, దిగే సంగతి వరకే. తోటాయన దగ్గరికి వద్దాం. ఐడిల్ స్క్రూ పూర్తిగా వదిలినా స్పీడు తగ్గట్లేదంటున్నాడు.

మామ: కేబుల్ చూడమను. హ్యాండిల్ అటు తిప్పి ఇటు తిప్పితే శబ్దం మారిందా, కేబుల్ బిగువుగా ఉన్నట్టే.

అల్లుడు: అది కాకపోతే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు చీలిందేమో. దొంగగాలి దూరితే స్క్రూతో పని కాదు. అదీ బాగుంటే గాలి, పెట్రోలు పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ. ఫిల్టర్ వైపు ఉంటే బిగిస్తే చిక్కబడుతుంది, ఇంజన్ వైపు ఉంటే వదిలితే చిక్కబడుతుంది.

మామ: ఆ మెసేజ్‌లో వెనక హారన్లు ఎందుకంత మోగుతున్నాయి?

అల్లుడు: గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల క్యూలో నుంచి మాట్లాడాడు. తోతాపురి లోడు.

మామ: హ్మ్. 2025లో కిలోకి 12 అన్నారు. ఫ్యాక్టరీ ఎనిమిది, సర్కారు నాలుగు. ఆ ఎనిమిదికే ఎంత గోల జరిగింది.

అల్లుడు: కాయ కోత కూలీ కూడా గిట్టలేదని చెట్టు మీదే వదిలేసినోళ్లు ఉన్నారు మామా.

మామ: అట్లాంటప్పుడు ప్లేట్లకి డబ్బు పెట్టించకు ఆయన చేత. ఆ మిక్చర్ స్క్రూ ఎటువైపుందో ఫోటో పెట్టమను.

అల్లుడు: పెట్టాడు.

మామ: ఏదీ... ఇది బ్రేకు కదరా!

అల్లుడు: మళ్లీ అడుగుతా. మామా, నీ ఫోన్ మోగుతోంది.

మామ: ఇంటి నుంచి. పాలు తెమ్మన్నారు, మర్చేపోయా. ఆపు, ఆపు...