వంద లారీల మిర్చిలో ఒక్క కాయ

నేను: అందరికీ నమస్కారం. బెజవాడలో మా మేడ మీద గదిలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, ఏలూరు రోడ్డు హారన్లు వినిపిస్తే సర్దుకోండి, కిటికీ మూస్తే మేం ఉడికిపోతాం. పక్కన మా పెద్దమ్మ కూతురు, పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి వచ్చింది, గ్రాఫీన్ సెన్సార్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అక్కా, ముందు ఆ వాట్సాప్ వీడియో సంగతి తేల్చు. గ్రాఫీన్ చిప్ మీద చుక్క రక్తం వేస్తే నిమిషంలో అన్ని రోగాలూ చెప్పేస్తుందట.

అక్క: మన ఫ్యామిలీ గ్రూపులోనే నలుగురు పెట్టార్రా. అన్ని రోగాలూ అంటే నమ్మకు. అలాగని ఒట్టి అబద్ధమని కొట్టేయలేను, అదీ చిక్కు.

నేను: అసలు గ్రాఫీన్ అంటే ఏంటి?

అక్క: పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది, అందులో ఒక్క పొర. మందం ఒక్క పరమాణువు. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ మామూలు టేపు అంటించి లాగి ఆ పొరను విడదీశారు, 2010లో నోబెల్ వచ్చింది. మేం టేపు వాడం, రాగి రేకు మీద మీథేన్ గ్యాసుతో వెయ్యి డిగ్రీల దగ్గర పెంచుతాం. తర్వాత రాగిని కరిగించి, మిగిలిన పొరను నీళ్ల మీద తేల్చి చిప్ మీదకి ఎత్తాలి, పాల మీద మీగడ చిరక్కుండా తీసినట్టు. ముడత పడిందా, ఆ రోజు గంగలో కలిసినట్టే. మొదటి ఆర్నెల్లు నేను నేర్చుకున్నది ముడతల గురించే.

నేను: మరి రోగాన్ని ఎలా పట్టుకుంటుంది?

అక్క: ఒక్కటే పొర కాబట్టి దానికి లోపల అంటూ ఏమీ లేదు, ఉన్నదంతా పైనే. పైన ఏది వాలినా అందులో పారే కరెంటు కదులుతుంది. దాని మీద యాంటీబాడీని నిలబెడతాం, అంటే ఒకానొక ప్రోటీన్‌ని గుర్తుపట్టి పట్టుకునే అణువుని. మధ్యలో పైరీన్ అనే చదునైన కార్బన్ ముక్క ఉన్న చిన్న అణువు ఒకటి, అది ఒక పక్క గ్రాఫీన్‌కి అతుక్కుని రెండో పక్క యాంటీబాడీని పట్టుకుంటుంది. మనం వెతికే ప్రోటీన్ వచ్చి అందులో ఇరుక్కుంటే, దాని చార్జ్ వల్ల కరెంటు మారుతుంది. 2020లో కొరియావాళ్లు కోవిడ్ స్పైక్ ప్రోటీన్‌ని ఇలాగే పట్టారు, మిల్లీలీటరుకి 1 ఫెమ్టోగ్రాము ఉన్నా తెలిసింది. అంటే గ్రాముని వంద కోట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కని మళ్లీ పది లక్షలు చేస్తే అందులో ఒకటి.

నేను: ఇంకేం, అయిపోయిందిగా!

అక్క: ఆగరా బాబూ. అది బఫర్‌లో, అంటే శుభ్రమైన ఉప్పునీళ్లలాంటి దాంట్లో. ముక్కులోంచి తీసిన శాంపిల్ వేసే ద్రవంలోకి వచ్చేసరికి 100 ఫెమ్టోగ్రాములు కావాల్సి వచ్చింది. రక్తమైతే ఇంకా కష్టం.

నేను: నాన్నకి పోయినేడాది ఛాతీ పట్టేసిందని రాత్రిపూట ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం గుర్తుందా? ట్రోపోనిన్ అని, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అట, దానికోసం ఒకసారి రక్తం తీసి, మూడు గంటలాగి మళ్లీ తీశారు. ఆ మూడు గంటలూ కారిడార్‌లో కుర్చీ అంచున కూర్చున్నా, చివరికి గ్యాస్ అన్నారు. ఇది వస్తే ఆ టెన్షన్ ఉండదుగా?

అక్క: రెండోసారి తీసేది మిషన్ నెమ్మదని కాదురా, ట్రోపోనిన్ పెరుగుతోందా లేదా అని చూడ్డానికి. గ్రాఫీన్ వచ్చినా ఆ ఆగడం ఆగడమే. ల్యాబ్‌కి పంపి రిపోర్టు కోసం చూసే టైం తగ్గొచ్చు, అది నిజంగా మేలే. ఇంతకీ రక్తంలో ఎందుకు కష్టమో చెప్తా, మన మిర్చి యార్డు చూశావుగా?

నేను: తుమ్మి తుమ్మి చచ్చాను.

అక్క: లీటరు ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, ఆల్బుమిన్ అనే మామూలు ప్రోటీనే దాదాపు 40 గ్రాములు. ట్రోపోనిన్ చూసి గుండె మీద అనుమానం మొదలయ్యేది పదుల నానోగ్రాముల దగ్గర, 40 అనుకుందాం. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఒకటికి వంద కోట్లు! లారీకి పది టన్నుల చొప్పున వంద లారీల మిర్చి దింపితే, అందులో గ్రాము తూగే ఒక్క ఎండుకాయని ఏరాలి. పైగా మిగతా కాయలన్నీ మన పొర మీద వాలాలనే చూస్తుంటాయి. మీ అమ్మ షుగర్ చూసుకునే స్ట్రిప్ ఉంది కదా, గ్లూకోజ్ లీటరుకి గ్రాము దాకా ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉండొచ్చు, అందుకే అది ఇంట్లో కుదిరింది.

నేను: అమ్మ స్వీట్ల సంగతి నీకూ తెలుసన్నమాట.

అక్క: రెండో తలనొప్పి ఉప్పు. రక్తంలో ఉప్పు అయాన్లు ప్రతి చార్జ్ చుట్టూ గుమిగూడి కప్పేస్తాయి, పొర నుంచి ఒక్క నానోమీటరు దూరంలో ఉన్నా ఆ చార్జ్ ఉందన్న సంగతి గ్రాఫీన్‌కి సరిగా తెలియదు. యాంటీబాడీ ఎత్తేమో సుమారు పది నానోమీటర్లు! పట్టుకుంటుంది, కానీ కింద కబురు అందదు. అందుకే రక్తాన్ని పలచన చేస్తారు, లేదా యాంటీబాడీ బదులు ఆప్టమర్ అనే పొట్టి డీఎన్ఏ పోగు పెడతారు, అది పట్టుకున్నాక ముడుచుకుని చార్జ్‌ని కిందకి తెస్తుంది. నేనైతే ఆప్టమర్ వైపే. ఇవన్నీ దాటినా, ఒకే రేకు నుంచి తీసిన రెండు చిప్‌లు ఒకే మాట చెప్పవు, ఒక్కోదాన్నీ విడిగా సరిచూసుకోవాలి. ఇది పేపర్లలో పెద్దగా మెరవదు, మాకు మాత్రం సగం రోజు దానికే పోతుంది.

నేను: మరి గ్రూపులో ఏం పెట్టమంటావ్?

అక్క: ఒక్క ముక్క అడుగు, ఇది బఫర్‌లో చూసిందా, రక్తంలో చూసిందా అని.

నేను: మొదట పంపింది పెద్దమ్మే అక్కా.

అక్క: అమ్మా? అయితే నువ్వే అడుగు, నేను ఈ రాత్రికి ఆ ఇంట్లోనే భోంచేయాలి.