జీతం నెలనెలా వస్తుంది, ఖర్చులన్నీ నెలనెలా రావు

[తెర మీద: 12 గళ్ల క్యాలెండర్. మూడు గళ్లు మాత్రం ఎర్రగా నిండుతాయి.]

వ్యాఖ్యాత: పిల్లలున్న ఇంట్లో డబ్బులు ఎందుకు నిలవవని అడిగితే, అందరూ చిల్లర ఖర్చుల మీదికి తోసేస్తారు. అది సగమే నిజం. అసలు దెబ్బ కొట్టేవి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవి. స్కూల్ ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి రిపేరు. ఇవి వస్తాయని ముందే తెలుసు. అయినా వచ్చిన రోజు "ఇప్పుడే రావాలా ఇది!" అంటాం. క్రెడిట్ కార్డు గీకేస్తాం. తర్వాత నెలల తరబడి దాన్నే తీరుస్తూ కూర్చుంటాం.

అందుకే నెల బడ్జెట్ కంటే ముందు ఏడాది లెక్క వేయండి. గడిచిన 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, నెలనెలా రాని ఖర్చుల కింద మాత్రమే గీత గీయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని చేస్తే మంచిది. ఒకరికి గుర్తులేనివి రెండోవారికి గుర్తుంటాయి. కాస్త గొడవ కూడా అవుతుంది, పర్లేదు.

[తెర మీద: ఫీజు 24,000. ప్రీమియం 9,000. బట్టలు, బూట్లు 6,000. బండి 9,000. మొత్తం 48,000.]

ఈ అంకెలు ఉదాహరణకే. 48,000ను 12తో భాగిస్తే నెలకు 4,000. జీతం పడ్డ మర్నాడే ఆ 4,000 వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి.

ఇక్కడ చాలామందికి ఒక చిక్కు వస్తుంది. ఫీజు ఇంకో 4 నెలల్లోనే కట్టాలి, 12 నెలలు ఎక్కడున్నాయి? అప్పుడు 24,000ను 4తోనే భాగించాలి. అంటే ఒక్క ఫీజుకే నెలకు 6,000 పక్కన పెట్టాలి. మొదటిసారి బరువుగానే ఉంటుంది. ఆ ఫీజు కట్టేశాక అదే వాటా నెలకు 2,000కు దిగుతుంది. ఈ మొదటి విడత తట్టుకోలేకే చాలామంది మధ్యలో వదిలేస్తారు.

[తెర మీద: రెండు వేర్వేరు డబ్బాలు. "తెలిసిన ఖర్చు", "తెలియని ఖర్చు".]

ఉద్యోగం పోవడం, ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేరాల్సి రావడం, ఇవి వేరు. వాటికోసం 3 నుంచి 6 నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. ఒక్కరి జీతంతోనే ఇల్లు గడుస్తుంటే 6 నెలల వైపే మొగ్గండి. కార్డు బాకీ ఉంటే మాత్రం చిన్న మొత్తం చేతిలో ఉంచుకుని ముందు అది తీర్చేయండి. కార్డు మీద పడే వడ్డీ ముందు పొదుపు ఖాతాలో వచ్చే వడ్డీ ఏ మూలకూ చాలదు.

ఇక పిల్లల పెద్ద చదువులు. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే, డబ్బు రెట్టింపు కావడానికి సుమారు ఎన్నేళ్లు పడుతుందో తెలుస్తుంది. 8 శాతం దగ్గర 9 ఏళ్లు. బిడ్డ పుట్టినప్పుడు వేసిన డబ్బు 18 ఏళ్లకు దాదాపు 4 రెట్లవుతుంది. తొమ్మిదో ఏట వేస్తే రెండింతలే. కానీ ఫీజులూ ఊరుకోవు. ఏడాదికి 6 శాతం పెరిగితే అవీ 12 ఏళ్లలో రెట్టింపవుతాయి. కాబట్టి ఇవాళ్టి ఫీజు చూసి లక్ష్యం పెట్టుకోకండి.

దీనికోసం మీ రిటైర్మెంట్ పొదుపు మాత్రం ఆపొద్దు. చదువుకైతే అప్పు పుడుతుంది, ముసలితనంలో ఇల్లు గడవడానికి ఎవరిస్తారు?

[తెర మీద: ఖర్చుల జాబితా. "పుట్టినరోజు" దగ్గర పిల్లల చేతిరాత.]

పిల్లలకు పదేళ్లు వచ్చాయంటే జాబితాలో ఒక వరుస వాళ్లకు అప్పజెప్పండి. పుట్టినరోజు ఖర్చు బాగుంటుంది. మొత్తం ఎంతో మీరు చెప్పండి. ఎందరిని పిలవాలో, ఏం కొనాలో వాళ్లే తేల్చుకుంటారు. మిగిలింది వాళ్లదే. దాన్ని ఏం చేశారని తర్వాత ఆరా తీయకండి.