మణికట్టు మీద కోతకు ఒప్పుకునే ముందు

అందరికీ నమస్కారం.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వెళ్తే ‘కార్పల్ టన్నెల్, చిన్న ఆపరేషన్’ అంటారు. అంటే మణికట్టులోని ఇరుకు దారిలో నరం నొక్కుకుపోయిందని. నిజంగా చిన్నదే. జబ్బు అదే అయితే ఫలితమూ బాగుంటుంది. నొక్కుకుపోయింది మెడ దగ్గరి నరమైతే మాత్రం మణికట్టు కోసి లాభం లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఏ వేళ్లు అన్నది. ఆ ఇరుకు దారిలో వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులతో పాటు మీడియన్ నరం వెళ్తుంది. బొటన, చూపుడు, మధ్య వేళ్లకూ, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగానికీ స్పర్శ దానిదే. కళ్లు మూసుకుని, ఉంగరపు వేలి రెండు పక్కలా దూదితో తాకించుకోండి. మధ్యవేలి వైపు మొద్దుగా, చిటికెన వేలి వైపు మామూలుగా ఉంటే మణికట్టును అనుమానించవచ్చు. తిమ్మిరి చిటికెన వేలికే ఎక్కువగా ఉంటే అది మోచేతి వెనకగా వచ్చే అల్నార్ నరం, చూడాల్సింది ముందుగా మోచేయి. బొటనవేలి మొదట్లోని కండ మీదా తాకి చూడాలి. అక్కడికెళ్లే కొమ్మ ఆ ఇరుకులోకి దిగకుండా పైనుంచే పోతుంది కాబట్టి కార్పల్ టన్నెల్‌లో అక్కడ స్పర్శ మిగిలే ఉంటుంది. అదీ తగ్గిందంటే దెబ్బ ఇంకా పైనెక్కడో ఉండవచ్చు.

రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే హాయిగా ఉండటం మణికట్టు లక్షణం. మెడ తిప్పగానే భుజం నుంచి జివ్వున లాగితే మెడ చూపించుకోవాలి. అయితే మెడ ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనబడగానే అదే కారణమనుకోకండి. నొప్పి లేనివాళ్లలోనూ అది మామూలే.

పాదాలూ మొద్దుబారుతుంటే షుగర్, బీ12 పరీక్షలు తప్పవు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. థైరాయిడ్ కూడా చూడాలి. మన దగ్గర కుష్టునూ మరవకూడదు. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, మోచేతి వెనక తాడులా లావెక్కిన నరం కనబడితే ముందు కావాల్సింది మందులు. అవి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

ఇక నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష. ఏసీ గదిలో చల్లబడ్డ చేతికి చేస్తే బాగున్న నరం కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. చర్మం సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చబడాలి. అదే చేతి అల్నార్ నరంతో పోల్చారా, వేడి ఎంత చూశారు అని అడగండి. అడిగితే తప్పేం లేదు. మెడ అనుమానం ఉంటే కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీ కూడా కావాలి.

జబ్బు ముదరకపోతే ఆరు వారాలు రాత్రిపూట మణికట్టు పట్టీ వేసి చూడవచ్చు. దుకాణంలో దొరికే పట్టీల్లోని రేకు చాలావాటిలో చేతిని వెనక్కి వంచేలా ఉంటుంది. అలాగే కట్టుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. రేకు బయటికి తీసి తిన్నగా చేసి పెట్టుకోండి. గర్భిణులకు చాలావరకు కాన్పయ్యాక తగ్గిపోతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్నాళ్లైనా తిమ్మిరి తగ్గితే నిర్ధారణకు బలం చేకూరినట్టే.

బొటనవేలి కండ కరిగిపోతున్నా, తిమ్మిరి రాత్రీపగలూ వదలకపోయినా పట్టీలతో నెలలు గడపవద్దు. మణికట్టు ఎముక విరిగిన గంటల్లో వేళ్లు మొద్దుబారి నొప్పి పెరుగుతుంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.